నడుం పట్టేసిందా... పూస విరిగిందా?

పెద్ద ప్రమాదమేమీ జరిగి ఉండదు. నీళ్ల బిందె ఎత్తి చంకన పెట్టుకోబోతుంది అవ్వ. లేదంటే బస్సులో వెనక సీట్లో కూర్చుని వస్తుంటే స్పీడ్‌ బ్రేకర్‌ దగ్గర ఒక్కసారి ఎగిరి కూలబడుతుంది. వీపు మధ్యలో ‘కలుక్కు’మంటుంది. ఆ రాత్రి నుంచి పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలంటే ప్రాణం పోయినంత పనవుతుంది. “ఏం లేదు బిడ్డా, నడుం పట్టింది” అంటుంది. ఇంట్లోవాళ్లూ అదే అనుకుంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఓ సూది వేస్తాడు. నెల, రెండు నెలలకు నొప్పి కాస్త సర్దుకుంటుంది గానీ మనిషి మాత్రం ముందుకు వంగిపోతుంది. ‘వయసు మీద పడింది కదా’ అని సరిపెట్టుకుంటారు.

జనగామ పల్లెల్లోనైనా, మహబూబాబాద్‌ తండాల్లోనైనా, భూపాలపల్లి బొగ్గు గనుల పక్క ఊళ్లలోనైనా కథ దాదాపు ఇదే. అది వయసు మీద పడటం కాదు. ఎముక గుల్లబారి వెన్నుపూస విరగటం! తుంటి విరిగితే మనిషి లేవలేదు కాబట్టి ఆగమేఘాల మీద ఆసుపత్రికి మోసుకెళతారు. వెన్నుపూస విరిగినా చాలామంది గోడ పట్టుకునో, కర్ర పట్టుకునో నడుస్తూనే ఉంటారు. అందుకే ప్రపంచమంతటా ఇలాంటి విరుపుల్లో మూడింట రెండొంతులు వైద్యుల దృష్టికే రావని అంచనా.

జనగామ చుట్టుపక్కల తాటిచెట్టు మీంచి జారిపడ్డ గీత కార్మికుణ్ని ఎవరూ సూదితో సరిపెట్టరు. 108కు ఫోన్‌ చేస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. ఎందుకంటే అక్కడ పడటం కళ్లకు కనపడింది. అవ్వ ఎక్కడి నుంచీ పడలేదు. ఆమె ఎముకే లోపల కూలింది. ఎవరికి కనపడుతుంది?

చీర కుచ్చిళ్లు చెప్పే నిజం

వెన్నుపూస కట్టెపుల్లలా రెండు ముక్కలుగా విరగదు. నలుగుతుంది. అగ్గిపెట్టెను ఒకవైపు అంచు మీద నొక్కితే ఎలా కుంగుతుందో అలా ముందు భాగం కుంగిపోయి, వెనక భాగం అలాగే నిలబడి ఉంటుంది. దాంతో వెన్ను ముందుకు ఒరుగుతుంది. ఛాతీ భాగం ముగిసి నడుం మొదలయ్యే చోట, అంటే పన్నెండో ఛాతీ పూస, మొదటి నడుం పూసల దగ్గర ఇది ఎక్కువ. పైనున్న బిగుతు భాగానికీ, కిందనున్న కదిలే భాగానికీ మధ్య బరువంతా పడేది అక్కడే.

ఒక పూస కుంగితే ఒంపు కొంచెమే. రెండు, మూడు కుంగితే ఎత్తు తగ్గిపోతుంది. యవ్వనంలో ఉన్న ఎత్తుతో పోలిస్తే 4 సెంటీమీటర్లకు మించి తగ్గితే అనుమానించాల్సిందే. పల్లెల్లో ఎత్తు రాసిపెట్టుకునేవాళ్లెవరు? కానీ చీర చెబుతుంది. ఎప్పుడూ కట్టినట్టే కట్టినా కుచ్చిళ్లు నేల మీద ఈడ్చుకుపోతుంటాయి. జాకెట్టు వెనక పైకి లేస్తుంటుంది. మడమలు గోడకు ఆనించి నిటారుగా నిలబడమంటే తల వెనక భాగం గోడకు తగలదు. మరీ వంగిపోయినవాళ్లలో కింది పక్కటెముకలు వచ్చి తుంటి ఎముక మీద ఆనుకుంటాయి. కడుపు నలిగిపోయి నాలుగు ముద్దలకే నిండినట్టుంటుంది. ఊపిరి పూర్తిగా అందదు. ‘అవ్వ ఈ మధ్య సరిగా తినట్లేదు’ అని కోడలు వాపోతుంది గానీ దానికీ వెన్నుకూ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది!

ముప్ఫైల్లో తీసేసిన గర్భసంచి

నెలసరి నిలిచిపోయాక మొదటి కొన్నేళ్లలో ఎముక వేగంగా కరుగుతుంది. ఈస్ట్రోజెన్‌ అండ పోవటమే కారణం. మామూలుగా ఇది యాభై దరిదాపుల్లో జరగాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఆడవాళ్లకు ముప్ఫైల్లో, నలభైల్లోనే జరిగిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 8 శాతం దాటారు. గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే ఎముక అరుగుదల మరునాటి నుంచే మొదలైనట్టు లెక్క. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పని మానేస్తాయి. ‘తెల్లబట్ట అవుతోంది, ఎందుకొచ్చిన బాధ, తీసేద్దాం’ అన్నప్పుడు పాతికేళ్ల తర్వాతి వెన్నెముక గురించి ఎవరూ చెప్పి ఉండరు. ఆ తరం ఆడవాళ్లే ఇప్పుడు అరవైల్లోకి వస్తున్నారు.

ఇక తిండి. తైదలు మానేసి తెల్లన్నానికి మారిన ప్రాంతమిది. 100 గ్రాముల తైదల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్‌ పట్టిన బియ్యంలో నామమాత్రమే. నెలసరి నిలిచిన మహిళకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన ప్రమాణాలు చెబుతున్నాయి. ఎండకేం కొదవ అనుకుంటాం. తిరుపతి స్విమ్స్‌ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ, పట్నాల్లోనే కాదు పల్లెల్లోనూ విటమిన్‌-డి లోపం, ఆహారంలో కాల్షియం కొరత బయటపడ్డాయి.

వీటన్నిటికీ తోడు మోకాళ్ల నొప్పులకు వేసే సూది. వేసిన పూటే ఎగిరి గంతేసేంత హాయినిచ్చే సూదుల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడ్‌. ఆయాసానికో, కీళ్లవాతానికో వైద్యుల పర్యవేక్షణలో వాడే స్టెరాయిడ్‌ వేరు. అది అవసరం, దానికి తగ్గ జాగ్రత్తలూ చెబుతారు. పేరూ మోతాదూ తెలియకుండా నెలల తరబడి వాడే స్టెరాయిడ్‌ మాత్రం ఎముకను లోపల్నుంచి తినేస్తుంది. ఇది మగవాళ్లకూ వర్తిస్తుంది. పొగ, మందు అలవాటున్న తాతలూ ఈ ముప్పులో ఉన్నవాళ్లే.

ఆసుపత్రిలో మొదటి రోజు

అరవై దాటినవాళ్లకు హఠాత్తుగా వెన్నులో నొప్పి మొదలై, కూర్చున్నా నిలబడ్డా ఎక్కువై, పడుకుంటే తగ్గుతోందంటే ముందు కావాల్సింది పక్క నుంచి తీసిన ఎక్స్‌రే. ఇది జిల్లా ఆసుపత్రి స్థాయిలో అయ్యే పనే. తీసుకెళ్లేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి ఎత్తి ఆటోలో కూలేయకూడదు. దుంగను దొర్లించినట్టు భుజం, తుంటి ఒకేసారి కదిలేలా పక్కకు తిప్పి, బల్ల మీదో స్ట్రెచర్‌ మీదో పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

మొదటి రోజుల్లో తీసిన ఎక్స్‌రేలో కుంగుదల కనపడకపోవచ్చు. కనపడినా అది నిన్నటిదా, నాలుగేళ్ల కిందటిదా అన్నది తేలకపోవచ్చు. అప్పుడే ఎమ్మారై అవసరం. అందరికీ అక్కర్లేదు. కానీ కొన్ని లక్షణాలుంటే దాన్ని వాయిదా వేయకూడదు. కాళ్లు తిమ్మిరెక్కటం, బలం తగ్గటం, మూత్రం బిగిసిపోవటం లేదా తెలియకుండా పోవటం కనపడితే నలిగిన ముక్క వెన్నుపాము మీద ఒత్తుతోందేమోనని చూడాలి. అదీ రేపు కాదు, ఆ రోజే.

మరో అనుమానం కూడా తీర్చుకోవాలి. వెన్నుపూస కుంగిన ప్రతిదీ ఎముక గుల్లబారటం వల్లే కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గటం ఉంటే వెన్ను క్షయ కావచ్చు. రక్తహీనత, మూత్రపిండాల దెబ్బ ఉంటే మైలోమా అనే రక్త క్యాన్సర్‌ కావచ్చు. పడుకున్నా తగ్గని నొప్పి మరెక్కడి నుంచో పాకిన క్యాన్సర్‌ది కావచ్చు. అందుకే రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్‌, కాల్షియం, క్రియాటినిన్‌, విటమిన్‌-డి, థైరాయిడ్‌ వంటి పరీక్షలు రాస్తారు. ‘నడుం నొప్పికి ఇన్ని రక్తపరీక్షలా’ అని విసుక్కోనక్కర్లేదు.

ఎముక సాంద్రత తేల్చే డెక్సా యంత్రం పెద్ద నగరాల్లోనే ఎక్కువ. అది లేదని చికిత్స ఆగాల్సిన పనిలేదు. టి-స్కోరు మైనస్‌ 2.5, అంతకంటే తక్కువుంటే ఎముక గుల్లబారినట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో కొలత పెట్టిన మాట నిజమే. కానీ చిన్న కుదుపుకే వెన్నుపూస కుంగి, వేరే జబ్బేదీ లేదని తేలితే ఆ విరుపే రుజువు. స్కాను కోసం మూడు నెలలు ఎదురుచూడటం కంటే మందు మొదలుపెట్టటం మేలు. ఒకప్పటి ఉమ్మడి నల్గొండను ఆనుకుని ఉన్న జనగామ పల్లెల్లో ఫ్లోరైడ్‌ నీళ్లు తాగి పెరిగినవాళ్ల విషయంలో ఈ మాట ఇంకా ముఖ్యం. ఫ్లోరోసిస్‌ ఉన్న ఎముక స్కానులో చిక్కగా కనిపిస్తుంది. అలాగని గట్టిగా ఉన్నట్టు కాదు!

మంచమే అసలు శత్రువు

‘మూడు నెలలు కదలకుండా పడుకోబెట్టండి’ అనేది పాత మాట. పెద్దవాళ్ల విషయంలో అంత ప్రమాదకరమైన సలహా మరొకటి ఉండదు. నొప్పి భరించలేని తొలి కొద్ది రోజులు పడుకోవాలి, అంతే. మంచం మీద గడిచే ప్రతి వారం కండ కరుగుతుంది, ఉన్న కాస్త ఎముకా పలచబడుతుంది. కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. పిరుదుల మీద పుండ్లు పడతాయి. చాలామంది పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది విరిగిన పూస కాదు, ఆ తర్వాతి మంచం.

అందుకని ముందు నొప్పి తగ్గించాలి, లేపి కూర్చోబెట్టటానికి. పారాసిటమాల్‌ నొప్పి వచ్చినప్పుడల్లా కాకుండా వైద్యులు చెప్పిన వేళలకు ఇస్తేనే పనిచేస్తుంది. డైక్లోఫెనాక్‌ లాంటివి బీపీ, కిడ్నీ, అల్సర్‌ ఉన్నవాళ్లకు చేటు చేస్తాయి. ట్రమడాల్‌ లాంటి గట్టి మందులు వాడితే మలబద్ధకం, తూలు తప్పవు. మలబద్ధకంతో ముక్కితే వెన్ను మీద మళ్లీ ఒత్తిడి. కాబట్టి నొప్పి మందుతోపాటే విరేచనం సాఫీగా అయ్యే మందూ అడిగి రాయించుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రి వార్డులో పేషెంటు వెంట ఉండే మనిషే సగం నర్సు. తరచుగా ఆ మనిషి కూతురో, కోడలో అవుతుంది. మూత్రానికి మాటిమాటికీ లేపాల్సి వస్తుందని నీళ్లు తగ్గించేస్తారు. అవ్వ కూడా ‘నీకెందుకు శ్రమ’ అని తాగటం మానేస్తుంది. దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్‌, మూడో రాత్రికి పొంతన లేని మాటలు. ఎప్పుడో చనిపోయిన అన్నను పిలుస్తుంది, సెలైన్‌ పీకేస్తుంది. ‘గాలి సోకింది’ అని తాయెత్తు కట్టిస్తారు. అది గాలీ కాదు, పిచ్చీ కాదు. మూత్రం ఇన్ఫెక్షనో, రక్తంలో సోడియం పడిపోవటమో, మందు పడకపోవటమో కారణం. వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. కళ్లజోడు ఇంట్లో వదిలేసి రాకుండా తెచ్చి పెట్టటం, పగలు వెలుతురులో ఉంచి తెలిసినవాళ్లు మాట్లాడుతూ ఉండటం కూడా వైద్యమే. లేవలేకపోతే రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. కూర్చోగలిగిన రోజు నుంచే ఫిజియోథెరపిస్టు సాయంతో నాలుగడుగులు వేయించాలి.

బెల్టు సంగతి కూడా చెప్పుకోవాలి. మందుల షాపులో దొరికే నడుం బెల్టు కింది నడుముకే. వీపు మధ్యలో విరిగితే భుజాల మీదుగా వచ్చే పట్టీలున్న టేలర్‌ బ్రేస్‌ లాంటిది కొలత తీసుకుని కట్టాలి. కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడే దాని అవసరం. ఏడాదిపాటు బెల్టు విప్పకుండా ఉంటే వెన్ను కండరాలు పని మర్చిపోతాయి. ఆరు నుంచి పన్నెండు వారాల్లో మానిపించటం మామూలు.

సిమెంటు ఎప్పుడు?

‘సూదితో పూసలోకి సిమెంటు ఎక్కిస్తారట, మర్నాడే నడుస్తారట’ అని హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌ చేస్తాడు. వర్టిబ్రోప్లాస్టీ అనే ఈ పద్ధతి 1984లో ఫ్రాన్సులో మొదలైంది. బెలూన్‌తో పూసను కాస్త పైకి లేపి ఆ తర్వాత సిమెంటు నింపేది కైఫోప్లాస్టీ. కొందరికి నొప్పి అద్భుతంగా తగ్గిన మాట నిజమే. కానీ 2009లో ‘న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌’లో వచ్చిన రెండు అధ్యయనాలు ఈ ఉత్సాహం మీద నీళ్లు చల్లాయి. సగం మందికి నిజంగా సిమెంటు నింపి, మిగతావారికి నింపినట్టు నటించి చూస్తే, నొప్పి తగ్గటంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు! విరిగిన ఆరు వారాల్లోపు, నొప్పి తీవ్రంగా ఉన్నవాళ్లకు చేస్తే మేలుందని 2016లో ఆస్ట్రేలియా అధ్యయనం ఒకటి చెప్పింది. చర్చ ఇంకా ముగియలేదు.

కాబట్టి ఇది అందరికీ మొదటి రోజే చేసేది కాదు, ఎవరికీ అక్కర్లేనిదీ కాదు. మందులూ బెల్టూ వాడినా రెండు మూడు వారాలకు మంచం దిగలేకపోతున్నవాళ్ల విషయంలో ఆలోచించాలి. అదీ ఎమ్మారైలో విరుపు తాజాదని తేలాకే. పొలం కుదువపెట్టే ముందు మరో వైద్యుడి అభిప్రాయం తీసుకుంటే పోయేదేమీ లేదు.

డిశ్చార్జి కాగితంలో లేని మందు

అసలు లోటంతా ఇక్కడుంది. నొప్పి తగ్గింది, బెల్టు కట్టారు, కాల్షియం బిళ్లలు రాశారు, ఇంటికి పంపారు. విరిగిన పూసకు వైద్యం జరిగింది గానీ, విరగ్గొట్టిన జబ్బుకు జరగలేదు. ఒక వెన్నుపూస విరిగిన మహిళల్లో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరగకుండానే మరో పూస విరుగుతోందని 2001లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లో వచ్చిన అధ్యయనం తేల్చింది. కాల్షియం, విటమిన్‌-డి ఇల్లు కట్టే ఇసుక, సిమెంటు లాంటివి. కూల్చేవాణ్ని ఆపాలంటే వేరే మందు కావాలి.

వారానికో బిళ్ల అలెండ్రోనేట్‌ వాటిలో పాతది, ఖర్చు తక్కువ. పొద్దున్నే పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే అన్నవాహిక ఒరుస్తుంది. కూర్చోవటమే కష్టంగా ఉన్న కొత్త పేషెంటుకు ఇది కుదరదు. అలాంటివాళ్లకు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్‌ యాసిడ్‌ ఉంది. మూడేళ్లలో వెన్నుపూస విరుపులను ఇది 70 శాతం తగ్గించిందని 2007లోనే తేలింది. కొత్తగూడ, గంగారం అడవి ఊళ్ల నుంచో, పలిమెల గోదావరి ఒడ్డు నుంచో వచ్చేవాళ్లకు ఏడాదికి ఒక్కసారి అన్నది ఎంత వెసులుబాటో చెప్పక్కర్లేదు. దానికి ముందు క్రియాటినిన్‌, కాల్షియం, విటమిన్‌-డి చూడాలి. పుచ్చిపోయిన పళ్లుంటే ముందే చూపించుకోవాలి. మొదటిసారి ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. భయపడి మరుసటి ఏడాది మానేయకూడదు.

ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్‌కు ఒక షరతుంది. వైద్యులకు చెప్పకుండా ఆపేస్తే ఒకేసారి రెండు మూడు పూసలు విరిగే ప్రమాదముంది. తారీఖు తప్పదన్న నమ్మకం ఉంటేనే మొదలుపెట్టాలి. చాలా పూసలు విరిగినవాళ్లకు రోజూ వేసుకునే టెరిపారటైడ్‌ కొత్త ఎముకను పుట్టిస్తుంది. కానీ ఖర్చూ ఎక్కువే, ఇంట్లో ఫ్రిజ్‌ కూడా ఉండాలి.

వరంగల్‌ దాకా పోవాలా?

2016లో జిల్లాలు విడిపోకముందు ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి వరంగల్‌లోవే. పెద్ద జబ్బంటే ఎంజీఎంకు పోవటమే తెలుసు. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కళాశాల అంటే ఎముకల విభాగం, జనరల్‌ మెడిసిన్‌, రేడియాలజీ ఒక గూటి కింద ఉండాలి. అంటే ఎక్స్‌రే, రక్తపరీక్షలు, నొప్పి వైద్యం, ఏడాదికో సెలైన్‌... వీటికి వరంగల్‌ దాకా ఒళ్లు కుదుపుకుంటూ పోనక్కర్లేదు. కాళ్లు పడిపోతుంటేనో, ఆపరేషన్‌ అవసరమైతేనో పైకి వెళ్లాలి. భూపాలపల్లిలో సింగరేణి కుటుంబాలకు సంస్థ ఏరియా ఆసుపత్రి కూడా ఉంది.

అడిగే హక్కూ ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఇరవయ్యో సెక్షన్‌ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులకు విడిగా క్యూ ఉండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వాళ్లకోసం ప్రత్యేక ఏర్పాట్లుండాలి. 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం అయితే జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ ఉండాలంటుంది. కాగితం మీదున్నది వార్డులో ఎంతుందో అడిగితేనే తెలుస్తుంది, అడిగేవాళ్లుంటేనే పెరుగుతుంది. డెబ్భై నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల రూపాయల దాకా వర్తించే ఆయుష్మాన్‌ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్‌తో నమోదు చేయించుకోవచ్చు. ఆరోగ్యశ్రీ పరిధి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఏ చికిత్స ఏ కార్డు కిందికి వస్తుందో చేరేరోజే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. చూసేవాళ్లు లేని పెద్దలకు 14567 హెల్ప్‌లైన్‌ ఉంది.

ఇంటికొచ్చాక నులక మంచం పనికిరాదు, నడుం దిగిపోతుంది. నేల మీద పక్కా వద్దు, లేవటానికి వంగాలి. గట్టి పరుపున్న ఎత్తయిన మంచం వేయాలి. కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరగటం, వంగి వాకిలి ఊడవటం కొన్నాళ్లు మానాలి. మరుగుదొడ్డిలో పట్టుకోవటానికి గోడకో ఇనుప రాడ్డు, కమోడ్‌ కుర్చీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు... ఈ మూడింటికయ్యే ఖర్చు ఒక్క ఎమ్మారై ఖర్చుకు రాదు. పొద్దున తైద అంబలి, మధ్యాహ్నం పెరుగు, నువ్వుల పొడి, గుడ్డు పెట్టొచ్చు. నొప్పి తగ్గాక వెన్ను కండరాలకు ఫిజియోథెరపిస్టు నేర్పిన కసరత్తు రోజూ చేయించాలి.

ఏడాదికో ఇంజెక్షన్‌ మొదలుపెట్టినవాళ్లు తారీఖును బతుకమ్మ పండగకు ముందో వెనకో వచ్చేలా వైద్యులతో మాట్లాడి పెట్టుకుంటే, ఆ వారంలో హైదరాబాద్‌ నుంచి ఎలాగూ వచ్చే కొడుకో, కూతురో వెంట వెళతారు. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీ ఒకే కవర్లో పెట్టి, దాని మీద తర్వాతి తారీఖు పెద్ద అక్షరాలతో రాసి గోడ క్యాలెండర్‌ పక్కన తగిలిస్తే చాలు.